సమ్మెట జాతి మీద నాన్న ఉపన్యాసం

జులై 30, 1969

క్వారీ భోజనాల గుడిసెలో, నోటీసు పలక మీద ఎట్టకేలకు నాన్న పేరెక్కింది. సెప్టెంబర్ మూడు, మధ్యాహ్నం. విషయం: రోమన్లు రాకముందు మా కొండల్లో బతికిన ఆర్డొవికేస్ అనే జాతి పేరు పుట్టుక. వారానికొకరు లేచి మాట్లాడాలి, అదక్కడి ఆచారం. దగ్గు వల్ల రెండేళ్ళుగా నాన్న వంతు వెనక్కి పోతూనే ఉంది. ఈసారి దగ్గుతూనైనా చెప్పి తీరతాడట.

ఆగస్టు 10

ఉపన్యాసం తను చెప్తూ నాచేత రాయిస్తున్నాడు. రోమన్లు లాటిన్‌లో రాసుకున్న పేరే గానీ, లోపలున్నది ఈ కొండల పాత భాషలోని మన మాటేనట. సమ్మెట. సమ్మెటలతో పోరాడినవాళ్ళు. మా ఊరు డినోర్విగ్ పేరుకీ వాళ్ళ కోట అనే అర్థమట. చెప్తూ చెప్తూ మూలనున్న తన సమ్మెట వంక చూసి పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

తర్వాత అరగంట దగ్గు. రుమాలు నాకు చూపించలేదు.

ఆగస్టు 14

హవెల్ మామ వచ్చాడు. క్వారీలో నాన్న పక్కనే నలభై ఏళ్ళుగా రాళ్ళు చీలుస్తున్నాడు. తగువూ నలభై ఏళ్ళదే. సమ్మెటా లేదు గాడిదగుడ్డూ లేదు, పండితులు ఊహించిందాన్ని పట్టుకుని ఊరేగుతున్నావ్, ఆ జాతివాళ్ళు తమనేమని పిలుచుకున్నారో నువ్వు విన్నావురా అన్నాడు. మూడో తారీఖున నీ పరువు తీస్తా, కాచుకో అని నవ్వుతూ పోయాడు.

నాన్నకి ప్రాణం లేచొచ్చింది. రెండు గిన్నెల సూప్ తాగాడు.

ఆగస్టు 22

క్వారీ మూసేశారు.

ఆగస్టు 24

గుడిసెకీ తాళం వేశారట. నాన్న పేరున్న పలక లోపలే ఉండిపోయింది.

సెప్టెంబర్ 1

ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే, ఇంకో వారం అన్నాడు డాక్టర్, గుమ్మం బయట. నాన్నకి చెప్పలేదు. చలికాలానికి లేచి తిరుగుతాననే అనుకుంటున్నాడు. ఆ కాగితాలు పొయ్యిలో పడెయ్యవే, గుడిసే లేకపోయాక ఎవరు వింటారు అన్నాడు. వెయ్యనుగాక వెయ్యను అని అరిచాను. పోయేవాడి మీద అరిచాను, ఛీ. వంటింట్లో ఏడ్చి, ముఖం కడుక్కుని హవెల్ మామ ఇంటికి పరిగెత్తి, డాక్టర్ అన్నమాట చెప్పేశాను.

సెప్టెంబర్ 3

పన్నెండింటికి క్వారీవాళ్ళు తొమ్మిదిమంది మా ఇంటికి వచ్చారు. పనిబట్టల్లోనే, టీ క్యాన్లు, రొట్టె డబ్బాలు పట్టుకుని. గుడిసెలో కూర్చునే వరసలోనే మంచం చుట్టూ కూర్చున్నారు. అక్కడికి ఆడవాళ్ళని రానివ్వరు కదా అని నేను లేవబోయాను. వాడికి గొంతెక్కడిదమ్మా, నువ్వే చదువు అన్నాడు హవెల్ మామ. చదివాను. నాతోపాటే నాన్న పెదాలు కదిలాయి.

చివర్లో ఎవరో ఒకరు ఎదురుప్రశ్న వెయ్యాలి. అందరూ హవెల్ మామ వంక చూశారు. లేచాడు. టోపీ తీశాడు. వాడు చెప్పిందంతా నిజమే, నా దగ్గర ప్రశ్న లేదు అన్నాడు.

నాన్న ముఖం మాడిపోయింది. నలభై ఏళ్ళలో హవెల్ మామ ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. నేను దాచింది నాన్నకి తెలిసిపోయింది.

సెప్టెంబర్ 9

నాన్నని పాతిపెట్టాం. అందరూ వెళ్ళాక హవెల్ మామ సమాధి దగ్గరే నిలబడ్డాడు. సమ్మెటా లేదు గాడిదగుడ్డూ లేదు అని గట్టిగా అన్నాడు. జవాబు కోసం చాలాసేపు ఆగాడు.