అందరికీ చోటున్న బండి

అబ్బులూ,

మొన్నటి గాలివానకి దొడ్లో కొబ్బరిచెట్టు మన కారు మీద పడింది. జ్వరంతో నువ్వు పోయాక మీ నాన్నగారు రోజూ తుడిచి పెట్టుకున్న బండి అప్పడంలా అణిగిపోయింది. ఇక బాగుపడదని మెకానిక్కు చెప్పేశాడు.

కొత్తది చూడ్డానికి నిన్న అందరం అమలాపురం వెళ్ళాం. మీ నాన్నగారు ఒక చిన్న కారు దగ్గర ఆగిపోయారు.

"ఇంక పెద్దదెందుకే? నువ్వూ నేనూ, కోడలూ, పాపా. అంతేగా మనం," అన్నారు.

నీ పద్మ తల దించుకుంది. నేను వెళ్ళి, వెనకాల మూడో వరస సీట్లున్న పెద్ద బండి ఎక్కి కూర్చున్నాను.

"ఇదే తీసుకుందామండీ. పద్మకి సంబంధం చూస్తున్నాం కదా. రేపు ఆ అబ్బాయి, వాళ్ళమ్మా నాన్నా వస్తే డిక్కీలో కూర్చోబెడతారా?" అన్నాను.

పద్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. "ఊరుకోండి అత్తయ్యగారూ! నేనింకా ఊఁ అనలేదండీ!"

"నువ్వు అన్నాకే పెళ్ళి. సీటు మాత్రం ఇప్పుడే," అన్నాను.

మీ నాన్నగారు కాసేపు ఆ చిన్న కారు వంకే చూశారు. తర్వాత షాపాయనతో, "మా ఆవిడ దిగేలా లేదండీ. పెద్దదే ఇచ్చెయ్యండి," అన్నారు.

"ఆయ్, అలాగేనండీ!" అన్నాడాయన.

నీకు కోపం రాదని నాకు తెలుసు నాన్నా. పద్మ ఒక్కత్తీ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంటే నువ్వు చూడలేవు. నేనూ చూడలేను. పెళ్ళయినా తను మన పిల్లే, మన బండిలోనే తిరుగుతుంది.

వెనక సీటు తనదని నీ పాప అప్పుడే చెప్పేసింది. అన్నం తినమంటే మాత్రం నీలాగే పేచీ. నువ్వైనా అక్కడ పేచీ పెట్టకుండా, వేళకి కడుపునిండా తిను.