నిన్నటి ఇంటర్వ్యూ

ఒరేయ్ కిరణ్,

నీకు ఉద్యోగం వచ్చిందటరా. ఇవాళ పొద్దున నీ నంబరుకే ఫోన్ చేసి చెప్పారు.

బండి యాక్సిడెంట్‌లో నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. నీ నంబరు తీసెయ్యడానికి మనసొప్పక నేనే రీచార్జ్ చేయిస్తున్నాను. ఉద్యోగాల సైట్లలో నువ్వు పెట్టిన వివరాలు ఇంకా అక్కడే ఉన్నట్టున్నాయి.

మంగళగిరిలో కంపెనీ అట. "నిన్న కిరణ్ గారి ఇంటర్వ్యూ అయిందండి, సెలెక్ట్ అయ్యారు. సాయంత్రంలోగా ట్రైనింగ్ డిపాజిట్ కడితే ఆఫర్ లెటర్ పంపిస్తాం" అన్నాడు ఫోన్‌లో అతను.

కల్లంలో మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్న నాన్న స్పీకర్‌లో అంతా విన్నాడు. "మిర్చి యార్డులో నిజంగా కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి చూశాకే ధర చెబుతాడు. వీడు మనవాణ్ణి ఎప్పుడు చూశాడే? పెట్టెయ్!" అని అరిచాడు.

ఆ మాత్రం నాకు తెలియదా! అయినా పెట్టెయ్యలేదు. స్పీకర్ ఆపి, చేలోకి నడిచి అడిగాను.

"ఇంటర్వ్యూలో మా తమ్ముడు ఎలా మాట్లాడాడండీ?"

"చాలా ధైర్యంగా మాట్లాడారు మేడమ్. మధ్యలో నవ్వారు కూడా."

అప్పుడు పెట్టేశాను. డబ్బులేం కట్టలేదులే, కంగారుపడకు. కానీ ఆ నంబరు బ్లాక్ చెయ్యడానికి చెయ్యి రావడం లేదురా. నిన్న నువ్వు నవ్వావని చెప్పినవాడు ఈ లోకంలో వాడొక్కడే.

అక్క