పనస చెట్టెక్కిన కొండ

ముంచింగిపుట్టు కొండ మీద నుంచి,
2004 మే

హరీషు బాబుకి కనక పిన్ని రాయునది. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నీ కాలు బెణుకు తగ్గిందని తలుస్తాను.

రోడ్డు కోసం కొలిచి నువ్వు వైజాగు నుంచి పంపిన మా కొండ బొమ్మ సంతలో అందింది. కంప్యూటరు బానే గీసింది, దుప్పటి పరిచినట్టు. కానీ కొండ నెత్తి మీద అంత ఎరుపెందుకు? భీముడు తాత చూసి, "ఏటిది? మనం పోడు కాల్సిన సోటంతా ఎర్రగా ఎట్టేసినాడు. ఫారెస్టోళ్లు సూత్తే జైలుకే!" అన్నాడు. మగాళ్లందరూ బేగి గొడ్డళ్లు దాచేసి ఒరిస్సా చుట్టాల ఇళ్లకి పోయారు. ఆ ఎరుపు తీసేసి పచ్చ రంగు వెయ్యి.

ఇట్లు, నీ మంచి కోరే కనక.

తా.క.: మగాళ్లు లేక ఊరు నిమ్మళంగా ఉంది. పచ్చ రంగు మెల్లిగానే వెయ్యి.

*

కనక పిన్నికి, నీ అంబలి తాగి కొండెక్కిన హరీష్ నమస్కారాలు.

ఎరుపంటే ఎత్తు, నీలమంటే పల్లం. అంతే. కంప్యూటర్‌కి పోడు సంగతి తెలీదు. మగవాళ్లని రమ్మను.

ఇంకో బొమ్మ పంపుతున్నాను. రోడ్డు పోయే గీత వెంట ఆ కొండ బొమ్మని కంప్యూటర్‌లో నిలువునా కోసి, ఆ అంచు మాత్రం బయటికి తీశాను. పనసకాయని కోసి పక్కనుంచి చూసినట్టు. క్రాస్ సెక్షన్ అంటాం. ఎక్కడ ఎంత ఎక్కాలో దీన్ని చూసే రోడ్డు వేస్తారు. అంతా సాఫీగా ఉంది. ఒక్కచోట మాత్రం మేకులా ఇరవై అడుగులు లేచింది. కాలు బెణికాక ఎత్తు కొలిచే మిషను నీ చేతికిచ్చి, నా గుర్తుల దగ్గర నిలబడి మీట నొక్కమన్నాను కదా, అందులోదే. అక్కడేముంది? ఏమీ లేకపోతే మేకు చెరిపేసి రోడ్డు తిన్నగా పోనిస్తాం.

ఉంటాను, హరీష్.

తా.క.: ఆ రోజు నువ్విచ్చిన పనసపండు ఎక్కడిది? ఆఫీసంతా చేతులు నాక్కున్నారు.

*

హరీషు బాబుకి కనక దీవెనలు.

అక్కడ బండ ఉంది బాబూ. నల్లది. ఏనుగు పడుకున్నట్టుంటది. రోడ్డు దాని చుట్టూ తిప్పాల్సిందే. మా ఊరి సోంబరే సాక్ష్యం. మొదట "బండెక్కడుందే?" అన్నాడు. "మొన్నటిదాకా ఒరిస్సాలో దాక్కున్నోడివి, నీకేటి తెలుసు?" అన్నాను. ఇప్పుడు ఉందంటున్నాడు.

నిజమే చెప్పే, కనక.

తా.క.: పండు గురించి అడక్కు.

*

పిన్నీ, మంచి కబురు!

బండ సంగతి పై ఆఫీసరుకి చెప్పాను. చుట్టూ తిప్పడమెందుకు, డైనమైట్ పెట్టి పేల్చేద్దాం అన్నారు. వచ్చే వారమే సాలూరు నుంచి మందుగుండు వాళ్లు వస్తారు.

సంతోషంతో, హరీష్.

తా.క.: ఏనుగంత బండంటే మీ బడికి మెట్లూ వస్తాయి.

*

వద్దు బాబూ. బండ లేదు.

రోడ్డు అర్జీ మీద మొదటి సంతకం నాదే. రోడ్డుంటే మా ఫల్గుణ బతికేవాడు. జ్వరమొస్తే డోలీలో మోసుకు దిగుతున్నాం. "ఇంకెంత దూరమే అమ్మా?" అన్నాడు. అదే వాడి ఆఖరి మాట. అక్కడే పూడ్చి, మోకాలెత్తు రాయి నిలబెట్టాం. నువ్వు గుర్తు పెట్టింది సరిగ్గా ఆ చోటే. అక్కడ నిలబడి మీట నొక్కబోతే వాడి గుండె మీద నొక్కినట్టయింది. నా వల్ల కాలేదు. పక్కనున్న పనస చెట్టెక్కి, పైన నొక్కేశాను. ఎలాగూ ఎక్కాను కదా అని నీకో పండు కోశాను.

మందుగుండు ఆపు. నన్ను ఎంతైనా తిట్టు.

కనక.

తా.క.: ఈ వయసులో చెట్టెక్కానని భీముడు తాతకి చెప్పకు. కాయలన్నీ నన్నే కొయ్యమంటాడు.

*

పిన్నీ,

డైనమైట్ లేదు, మందుగుండు వాళ్లూ లేరు. నీ బండ ఎంత నిజమో అవీ అంతే. గుర్తులు పెట్టింది నేను, ఏనుగంత బండ ఉంటే కనపడదా? ఆ రోజు నువ్వు జుట్టు నిండా ఆకులతో, చంకలో పండుతో వచ్చావు. నీ నోటితో చెబుతావని ఆ అబద్ధమాడాను. ఆ మోకాలెత్తు రాయి సంగతి ఇదని తెలిస్తే ఆడేవాణ్ణి కాదు. క్షమించు.

రోడ్డు గీతని పాతిక అడుగులు వాగు వైపు జరిపి, బొమ్మని మళ్లీ కోశాను. అక్కడ ఎక్కాల్సింది ఇంకా తక్కువ. పై ఆఫీసరు ఒప్పుకున్నారు. ఆఫీసు కాగితంలో మేకు చెరిపేశాను. మేకున్న బొమ్మ ఇక నీ దగ్గరున్నదొక్కటే, ఉంచుకో.

నీ హరీష్.

*

2005 ఫిబ్రవరి

హరీషు బాబుకి కనక పిన్ని ముద్దులు.

జీపు వచ్చింది. మొదటి రోజే సోంబరు కోడలు పైడితల్లిని కాన్పుకి దింపారు. ఆడగుంట, ఇద్దరూ బాగున్నారు. నీ బొమ్మ గోడకి అంటించాను. కొండంతటిలో మావాడే ఎత్తు. జీపులో పోయినప్పుడల్లా ఆ వంపు దగ్గర వాడికి చెప్తున్నాను, "ఇంతే దూరంరా అయ్యా" అని.

పనసకాయలు ముదిరాక రా.

కనక పిన్ని.

తా.క.: ఇక్కడ రోడ్డెందుకు వంగిందని జీపు డ్రైవరు అడిగాడు. పెద్ద బండ ఉందన్నాను. "అవునవును, ఏనుగంత" అన్నాడు సోంబరు, "చిన్నప్పుడు దాని మీద నుంచి పడి నా పన్నిరిగింది" అని నోరు తెరిచి చూపించాడు కూడా.