నెమలి చెరిగిపోయిన చోట

మంగళవారం

ఇది ఇప్పుడే రాసుకోవాలి. తెల్లారేసరికి ఈ ధైర్యం ఉంటుందో లేదో.

పెళ్లికూతురి జాకెట్టు చేతి మీద కుట్టడానికి పౌడరుతో అద్దిన నెమలి బొమ్మ నా చెమట వేళ్లకు చెరిగిపోయింది. మళ్లీ అద్దుదామంటే అచ్చుకాగితం బీరువాలో ఉంది. తాళంచెవి తీసుకుని షాపు యజమాని సుజాతక్క జనగామ వెళ్లింది. సాయంత్రం పెళ్లివాళ్లు పని చూడటానికి వస్తామన్నారు. గుడ్డ ఎటైనా తిరిగేలా మిషన్ పాదం అప్పటికే తీసేశాను, రింగులో గుడ్డ బిగించి ఉంది. మా ఊరు గార్లలో చేనులోని మిరపకొమ్మ గుర్తొచ్చింది. గుడ్డను సూది కింద తిప్పుతూ దాన్నే కుట్టుకుంటూ పోయాను. బడిలో ఎప్పుడూ గీతల మధ్యే రాసినదాన్ని, మొదట భయపడ్డాను. తర్వాత ఆ భయమే మరిచిపోయాను.

సాయంత్రం అక్క పెళ్లికూతురితో కలిసి వచ్చి చూసింది. "నెమలి ఏదే?"

"చెరిగిపోయిందక్కా. మిరపకొమ్మ కుట్టిన."

"పెండ్లిపిల్లకు మిరపకాయలా? అత్తగారింట్ల ఘాటుగుండాల్నా?"

పెళ్లికూతురు నవ్వింది. "ఉండనియ్యక్కా. ఇసొంటిది ఎవ్వలకు లేదు. రెండో చేతికి గూడ గిదే కుట్టుమను."

గుండె తేలికపడింది. కానీ అచ్చు లేని కొమ్మ రెండోసారి అలాగే వస్తుందా? రాకపోతే తప్పా? శుక్రవారం జాకెట్టు ఇచ్చేయాలి, ఆలోపు నాకు జవాబు చెప్పు, రేపు ఇది చదువుకునే పిల్లా. గుడ్డ మీద చెప్పినా సరే.