రాజు మీద పడి ఏడ్చే దోస్తుకు

సలీమూ,

సిరిసిల్ల దవఖానల నువ్వు పానం ఇడిసినంక, మొన్న మొదటిసారి మేడిపల్లిల మన నాటకం ఏసినం. రాజు ఏషం నాదే. నీ జాగల రాజు దోస్తుగ కోరుట్ల నుంచి ఒకాయన అచ్చిండు. మంచిగనే చేసిండు, అబద్ధమెందుకు. నువ్వు మర్చిపోయి మింగే మాటలు గూడ ఒక్కటి ఇడిసిపెట్టలే. జనం మస్తు నవ్విండ్రు. నాకే కోపమచ్చింది.

ఆఖరికి రాజు సచ్చిపోతే, దోస్తు ఛాతి మీద పడి ఏడ్వాలె గదా. నువ్వైతే "రాజా, నన్నిడిసి పోతివా" అని ఊరంత ఇనబడేటట్టు మొత్తుకుంట, నడుమ నా చెవుల "జల్ది లేవురా, బిర్యాని సల్లారుతుంది" అంటుంటివి. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కునేటోణ్ణి. దిగినంక ఎన్ని తిట్లు తిట్టిన నిన్ను!

మొన్న గాయన మీద పడంగనే అలవాటుగ పెదవి కొరుక్కున్న. గాయన నోరు నా చెవి కాడనే ఉంది. ఏం అనలే. ఉత్తగ ఏడ్చి లేచిండు.

నా కండ్లల్ల నీళ్లు కారవట్టినయ్. ముందర ఊరంత కూసున్నది. తుడుసుకుందామంటే, గాడ సచ్చింది నేనాయె.