సైనైడ్ దిబ్బ మీద రీల్

శనివారం. గాలి ఇంకా తగ్గలేదు.

చేతులు సబ్బుతో ఎంత రుద్దినా అసహ్యం పోవడం లేదు. బంగారుపేట వినయ్ స్పోర్ట్స్ కారు ఇంజన్ ఇవాళ విప్పాను. పోయిన నెల నేనే కట్టిన ఇంజన్. లోపలి గాలి దారులన్నీ చేత్తో నునుపు చేసి, కొత్త క్యామ్ వేసి, యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కునేలా చేసి ఇచ్చాను. ఇప్పుడు సిలిండర్ల గోడల నిండా గీతలు. గాలి పీల్చే గొట్టంలో వేలు పెడితే పిండిలాంటి తెల్లటి దుమ్ము.

"ఎయిర్ ఫిల్టర్ యాడప్పా?" అన్నాను.

"తీసేసినాను అన్నా. అది లేకుంటే సౌండ్ సూపరుగా వస్తాది. సైనైడ్ దిబ్బ మీద రీల్ చేసినాము, చూడు."

బంగారు గనులు మూతపడినా, సైనైడ్‌తో బంగారం తీసి పారబోసిన ఆ గని మట్టి దిబ్బ మమ్మల్ని వదల్లేదు. గాలి లేస్తే గని కార్మికులకు కట్టిన మా లైన్ ఇళ్లలో పిల్లలు కూడా పరిగెత్తి కిటికీలు మూస్తారు, అన్నం గిన్నెల మీద మూతలు పెడతారు. గనిలో పనిచేసిన నాన్న దగ్గు పక్క గదిలోంచి ఇప్పుడూ వినిపిస్తోంది. వీడు అక్కడికి పోయి ఇంజన్ నోరు బార్లా తెరిచి పెట్టాడు.

"పోతే పోనీలే అన్నా, ఇంగొకటి కట్టు" అని నవ్వాడు కూడా.

కట్టాలా? కడితే మళ్లీ ఆ దిబ్బకే...

ఆ వీడియో ఇంకా కళ్ల ముందే ఉంది. తెల్లటి దుమ్ములో కారు గిరగిరా తిరుగుతోంది. స్టీరింగ్ పట్టుకుని వాడు, ముక్కూ నోరూ మూసి తడిగుడ్డ గట్టిగా కట్టుకుని.