ఎర్ర బొమ్మ మీద బొట్టు

జూన్ 9, ఆదివారం

ఇవాళ మా గ్యాలరీలో ఒక మనిషి ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. రాసి పెట్టుకోవలసిన విషయమే.

మనిషి పేరు అండాలమ్మ. మా ఆవిడ కుసుమకి జాకెట్లు కుడుతుంది. ఎల్బీనగర్ నుంచి జాకెట్లు ఇవ్వడానికి వచ్చింది. కుసుమ కింద స్టీలు షాపులో గిన్నెలు బేరమాడుతోంటే ఈవిడ మెట్లెక్కి పైకొచ్చింది. ఆ బొమ్మ అలేఖ్య వేసింది. బొమ్మంతా ఎరుపు. కింద ఒక మూల మాత్రం పాలిపోయిన రంగు. అంతే. ఇన్నాళ్లూ దాని ముందు నిలబడినవాళ్లంతా ఫ్యాను గాలి కోసం నిలబడినవాళ్లే.

గిది ఏందో నాకు తెల్వది సార్, గని ఇడిసిపెట్టి పోబుద్ధి అయితలేదు అంది. నాకు ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ జనం పని మానుకుని మోడరన్ ఆర్ట్ కోసం మెట్లెక్కరు. బొమ్మలే ఇళ్లకి వెళ్లాలి. నెలకో ఇల్లు. పైసా తీసుకోకుండా. కుసుమకి చెప్పాను. మీకు పిచ్చి ముదిరింది, ఇక రోకలి తలకి చుట్టమంటారు అంది.

జూన్ 12

అలేఖ్య వెంటనే ఒప్పుకోలేదు. మలక్‌పేటలో ఉంటుంది, స్కూల్లో డ్రాయింగ్ చెబుతుంది. మనిషి మెతక, బొమ్మల విషయంలో మాత్రం పులి. చివరికి తేల్చేసింది. అంకుల్, ఈ ఒక్కటీ తీస్కపొండి. మంచిగుంటే మిగతావి కూడా ఇస్తా. దీనికేమన్న అయిందా, మీ దగ్గరున్నవి కూడా తీస్కపోతా అంది.

అలేఖ్య బొమ్మలు పోతే నా గ్యాలరీలో మిగిలేవి నేనే మా ఇంట్లో తగిలించుకోను. ఈ మాట బయట అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 15, శనివారం

బొమ్మ ఎల్బీనగర్ చేరింది. అండాలమ్మ భర్త సీతారాములు తన ఆటోలోనే తీసుకెళ్లాడు. గతుకు వచ్చినప్పుడల్లా నేను బొమ్మని కావలించుకున్నాను. మేకు కొట్టి, కుట్టుమిషను పైన తగిలించి, అందరం వెనక్కి జరిగి చూశాం. మిర్చి కల్లం లెక్కుంది అన్నాడు సీతారాములు. వాళ్లది నల్లగొండ వైపు. మా కుసుమ అయితే ఆవకాయ ఒలికినట్టుందండీ అంది. నాకు రెండూ బాగానే ఉన్నాయి.

అండాలమ్మ అడిగిన మొదటి ప్రశ్న, దండ ఎయ్యాల్నా సార్ అని. దండ వద్దు, పసుపు వద్దు, కుంకుమ వద్దు, అగరబత్తి వద్దు, తడిగుడ్డతో తుడవొద్దు, మేకుకి సంచీ తగిలించొద్దు. నాకు తోచినవన్నీ చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది.

జూన్ 23

మెట్రో పిల్లరు మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు ఒకదాని మీద ఒకటి అంటించి, ఎవరో అడ్డంగా చింపేశారు. పసుపు కింద నీలం, నీలం కింద సగం ముఖం. ఎంత బాగుందో! చింపినవాడెవడో చెయ్యి తిరిగినవాడే. దాన్నే చూస్తూ నిలబడితే ఒక కుర్రాడు వచ్చి గ్రూప్ టూ పాంప్లెట్ చేతిలో పెట్టి, అంకుల్ మీ వాళ్లెవరన్న ఉన్నరా అన్నాడు. ఇంటికొచ్చి చెబితే కుసుమ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

సంతోషంగా ఉంది. ఊరికే, కారణం లేకుండా.

జూలై 7, సాయంత్రం

కారణం లేకుండా సంతోషంగా ఉండకూడదు.

బొమ్మ ఎలా ఉందో చూద్దామని అండాలమ్మ ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చింది. తలెత్తి చూశాను. పాలిపోయిన మూలలో స్టిక్కర్ బొట్లు! రెండు మెరూన్, ఒకటి నలుపు. టీ గ్లాసు కింద పెట్టేశాను.

మన ఆడవాళ్లు పడుకోబోయే ముందు బొట్టు తీసి ఎక్కడో ఒకచోట అంటిస్తారు. అద్దం, బీరువా, ఫ్రిజ్జు, బాత్రూము టైల్సు, ఏదైనా సరే. మా ఇంట్లో గీజరుకి కూడా ఉంది. ముప్పై ఏళ్ల కాపురం చేసి ఈ సంగతి నాకు తట్టలేదు. అడిగితే అండాలమ్మ అమాయకంగా చూసింది. కుంకుమ పెట్టొద్దన్నరు, పెట్టలే సార్. ఇది స్టిక్కరే గద అంది.

ఇంటికొచ్చి చెబితే, కొబ్బరినూనె రాస్తే జిగురు ఊడి వస్తుంది అంది కుసుమ. సీసా చేతిలోకి తీసుకుని మళ్లీ తనే కింద పెట్టేసింది. వద్దు, ముందు ఆ పిల్లకి చెప్పండి అంది.

జూలై 8

చెప్పలేదు. ధైర్యం చాల్లేదు.

జూలై 10

చెప్పాను. సాయంత్రం అలేఖ్యా నేనూ మెట్రోలో వెళ్లాం. అలేఖ్య బొట్లని గోటితో నెమ్మదిగా ఊడదీసింది. రెండు వచ్చేశాయి. మూడోది రంగు పెచ్చుతో సహా వచ్చింది. అరిచి ఉంటే నాకు బాగుండేది.

తప్పయింది బిడ్డా అంది అండాలమ్మ. కుట్టుడు అయిపోయినంక జరసేపు దీన్నే చూస్త, చూసుకుంట చూసుకుంటనే బొట్టు తీస్త, చెయ్యి దానంతలదే గాడికి పోతది అంది. కొంగు నోట్లో కుక్కుకుంది. అలేఖ్య బొమ్మ దించి దుప్పట్లో చుట్టుకుంది. గోడకి మేకు మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ దాకా ఆ పిల్ల బొమ్మని పట్టుకునే కూర్చుంది. నేను దిగుతోంటే, ఆదివారం వచ్చి మిగతావి తీస్కపోతా అంకుల్ అంది.

తప్పు అండాలమ్మది కాదు. బొమ్మలు ఇళ్లకి వెళ్లాలన్నది నేను. ఇళ్లలో మనుషులు ఎలా ఉంటారో ఆలోచించాల్సింది కూడా నేనే. చాలా దిగులుగా ఉంది.

జూలై 14, ఆదివారం

షట్టరు ఎత్తి రోజంతా కూర్చున్నాను. అలేఖ్య రాలేదు. ఫోనూ చేయలేదు.

జూలై 17

వచ్చింది! అదే ఎర్ర బొమ్మతో. పెచ్చు ఊడినచోట రంగు సరిచేసి, బొమ్మంతటికీ అద్దం బిగించుకుని తెచ్చింది. ఇప్పుడు పెట్టుకోనియ్యండి ఎన్ని బొట్లన్న అంది. ఏమైందమ్మా అని అడిగాను. ఎగ్జిబిషన్లల్ల నా బొమ్మని ఫోన్ల ఫోటో తీస్తరు, పోతరు. ఈమె రోజూ చూస్తున్నదంట కదా అంకుల్ అంది.

వెళ్లి అదే మేకుకి తగిలించాం. అండాలమ్మ సర్వపిండి చేసింది. అలేఖ్య రెండు తింది. నేను లెక్కపెట్టుకోలేదు.

జూలై 21

అండాలమ్మ గ్యాలరీకి వచ్చింది. జాకెట్ల పని కాదు. చాలాసేపు నసిగి చెప్పింది. ఆ బిడ్డ మనసు నొచ్చుకుంటదేమో సార్, గని ఆ అద్దం వద్దు. అండ్ల ట్యూబులైటు, నా మొఖం, మా ఆయన బనీను, అన్నీ కనిపిస్తున్నయి గని బొమ్మ కనిపిస్తలేదు. బొట్టు నేను ఏడనన్న పెట్టుకుంట, అద్దం తీసెయ్యుమనుండ్రి అంది.

అలేఖ్యకి ఫోన్ కలిపి ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ మళ్లీ మొదటినుంచి చెప్పింది. లైను పోయిందేమో అని అండాలమ్మ ఫోను తిప్పి తిప్పి చూసింది. అప్పుడు వినబడింది, సాయంత్రం స్క్రూడ్రైవర్ తీస్కొని ఒస్తా అమ్మా అని.

జూలై 24, ఉదయం

షట్టరు ఎత్తుదామని వచ్చేసరికి మెట్ల మీద అలేఖ్య. పక్కన దుప్పట్లలో చుట్టిన బొమ్మలు, ఇన్నాళ్లూ నాకు కూడా చూపించనివి. ఒక్కదానికీ అద్దం లేదు. ముందు ఎవరింటికి పోదాం అంకుల్ అంది.